సువార్తలలోని భేదములు

విశాఖపట్టణమనగానే నేడు మనకు రేవును, ఉక్కు కర్మాగారమును తలపునకు వచ్చును. పెద్ద ఓడలు లోపలికి వచ్చి నిలుచుటకు వీలైన రేవు 1933లో తెరవబడినది. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినది. వీనికి ఎంతో పూర్వము, ఓడలు దూరముగా సముద్రములోనే లంగరు వేసి, మనుష్యులును సరకులును పడవలమీద ఒడ్డు చేరుచుండిన కాలమున, ఈ పట్టణమున నొక గ్రంథకార్యము జరిగినది. దానిని గూర్చియు, దానితో ముడిపడియున్న యొక చిక్కు ప్రశ్నను గూర్చియు నేడు మీతో మాటలాడదలచినాను.

1805వ సంవత్సరమున లండను మిషనరీ సంఘమువారు పంపిన జార్జి క్రాను, అగస్టసు దెగ్రాంజి అను ఇరువురు విశాఖపట్టణము చేరి, తెలుగు నేర్చి, బైబిలును తెనిగింప బూనిరి. అంతకు ముందే బెంజమిను షుల్జి అను జర్మను పాదిరి 1732 నాటికి బైబిలును తెలుగు చేసియుండెను గాని అది అచ్చునకు ఎక్కలేదు. క్రాను, దెగ్రాంజిలు ఆరంభించిన పనికి ఆనందరాయరు అను బ్రాహ్మణుడు తోడయ్యెను. ఆయన అప్పటికే క్రైస్తవమతమును స్వీకరించినవాడు. 1809లో క్రాను, 1810లో దెగ్రాంజి కాలధర్మము నొందిరి. వారు విడిచిపోయిన పనిలో మత్తయి, మార్కు, లూకా అను మూడు సువార్తలు 1812లో వంగదేశమందలి శ్రీరామపురమున అచ్చయినవి. తెలుగున అచ్చుపడిన సువార్తలలో ఇవియే మొదటివి. పిమ్మట ఇదే పట్టణమున పనిచేసిన ఎడ్వర్డు ప్రిచ్చెట్టు తెనిగించిన క్రొత్తనిబంధన 1818లో మదరాసున వెలువడినది. ఆ తరువాత జాన్ హే యను పండితుడు ఇచ్చటనే దీర్ఘకాలము నివసించి తెలుగు బైబిలును సవరించుటకు పాటుపడెను.

మొదట అచ్చయిన ఆ మూడు సువార్తలకును ఒక విశేషము కలదు. మూడును ఒకే జీవితమును చెప్పును. పెక్కుచోట్ల ఒకే సంగతిని చెప్పును. కాని చెప్పు తీరులో కొన్నిచోట్ల భేదించును. యెరికో పట్టణమునొద్ద యేసు గ్రుడ్డివానికి చూపునిచ్చిన కథను తీసికొనుడు. గ్రుడ్డివారు ఇద్దరని మత్తయి వ్రాసెను. మార్కు ఒక్కనినే చెప్పి, వాని పేరు బర్తిమయి యనెను. వీరిరువురును యేసు యెరికోను విడిచిపోవునప్పుడు ఇది జరిగినదనిరి. లూకా యన్ననో, ఆయన యెరికోకు సమీపించునప్పుడు జరిగినదనెను. ఒకే కథను మూడుమారులు తెనిగించువానికి ఈ భేదమును కప్పిపుచ్చుట కష్టము గాదు. ఒకటి రెండు మాటలు మార్చినచో చాలును. అయినను నేటికిని తెలుగు బైబిలు తెరచి చూచినచో మత్తయిలో ఇద్దరు, మార్కులో ఒక్కడు, లూకాలో యెరికోకు ఈవలనే యున్న గ్రుడ్డివాడు మనకు కనబడుదురు. ఈ కప్పిపుచ్చకుండుటయే నాకు మిక్కిలి విలువైన సంగతిగా తోచుచున్నది. దానికి కారణము మనవి చేసెదను.

నాకు పదునాలుగేండ్ల ప్రాయమున నేనును, నా సహాధ్యాయి యొకడును ఈ భేదమును కనుగొని, మాకు బైబిలు చెప్పుచుండిన ఉపదేశకుని అడిగితిమి. ఆయన కోపించి, ఇట్టి ప్రశ్నలు అవిశ్వాసులు అడుగునవి యని మమ్ము అరుగుమీదికి పంపివేసెను. నా స్నేహితుడు మరల ఆ గడప త్రొక్కలేదు. దాచవలసినది ఏదో ఉన్నది గనుకనే కోపము వచ్చినదని వాడు తలచెను. నేను ఏడ్చుచు ఇంటికి పోయి మా తాతగారితో చెప్పితిని.

మా తాతగారు గ్రామ మునసబుగా నుండి చిన్న తగవులను విచారించినవారు. ఆయన నాకు బైబిలు వాక్యమేదియు వినిపింపక, పొలముగట్టు తెగగొట్టిన యొక తగవును చెప్పిరి. ఒక సాక్షి ఇద్దరిని చూచితిననెను. మరియొకడు తానెరిగినవాని పేరు మాత్రమే చెప్పెను. ఒకడు తొలికోడి కూసినవేళ అనెను. ఇంకొకడు వేగుచుక్క పొడిచినవేళ అనెను. తాతగారు ఆ సాక్ష్యమును నమ్మిరి. మరియొక తగవులో నలుగురు సాక్షులు అక్షరము పొల్లుపోకుండ ఒకే మాట చెప్పిరి. ఆ రాత్రి వెన్నెల యుండెనా యని తాతగారు అడుగగా, నలుగురును ఒకరి మొగమొకరు చూచుకొనిరి. "చూచినవాడు తాను చూచినంత చెప్పును, నేర్పబడినవాడు నేర్పినంత చెప్పును" అని ఆయన ముగించిరి. ఈ ప్రసంగము వినుచున్న పెద్దలలో రచ్చబండమీద కూర్చుండి తగవులు తీర్చినవారికి ఇది నేను చెప్పనక్కరలేదు.

ఈ ప్రశ్న మాకే మొదట తోచినది కాదని పిమ్మట చరిత్ర చదివి తెలిసికొంటిని. మూడవ శతాబ్దమున పోర్ఫిరి యను గ్రీకు తత్త్వవేత్త సువార్తలలోని భేదములను ఎత్తిచూపి క్రైస్తవులను ఖండించెను. అంతకు ముందే, రెండవ శతాబ్దమున, తతియాను అను సిరియా దేశస్థుడు నాలుగు సువార్తలను కలిపి ఒకే కథగా కూర్చియుండెను. భేదములు చాలవరకు మాయమైనవి. సిరియా సంఘములు ఆ గ్రంథమును తరతరములు చదివినవి. కాని అయిదవ శతాబ్దమున థియొడొరేతు అను బిషపు తన మండలములో దాని ప్రతులు రెండువందలకు పైగా ఉండగా, వానిని తీసివేయించి, నాలుగు సువార్తలను మరల నెలకొల్పెను. నున్నగా చేసిన యొక కథ చేతిలో నుండగనే, ఒండొంటితో పూర్తిగా పొసగని నాలుగు కథలను సంఘము కోరుకొన్నది. మోసము చేయదలచినవారు ఇట్లు చేయుదురా?

ఇక ఈ భేదములకు పెద్దలు చెప్పిన సమాధానములలో కొన్నింటిని చూతము. యేసును పెంచిన యోసేపు తండ్రి పేరు మత్తయి యాకోబనెను. లూకా హేలీ యనెను. మూడవ శతాబ్దమువాడైన ఆఫ్రికాను అను పండితుడు దీనికి యూదుల ధర్మశాస్త్రమునుండి సమాధానము చెప్పెను. అన్న సంతానము లేక చనిపోయినచో తమ్ముడు వదినెను పరిగ్రహించి, పుట్టిన బిడ్డను అన్న పేర నిలుపవలెనని ఆ శాస్త్రము. యాకోబును హేలీయును ఒక తల్లి బిడ్డలని, హేలీ సంతానహీనుడు గాగా యాకోబువలన యోసేపు పుట్టెనని ఆయన వివరించెను. పాశ్చాత్యులకు వింతగా తోచు ఈ మాట మనకు క్రొత్త గాదు. పాండురాజు వ్యాసునివలన పుట్టినను విచిత్రవీర్యుని కుమారుడుగా వంశమున నిలిచెను గదా! దత్తు పోయినవానికి పత్రములలో ఒక తండ్రి, ఊరివారి నోట మరియొక తండ్రి ఉండుట మన గ్రామములలోను కలదు. అయితే లూకా చెప్పినది మరియమ్మ వంశమనువారును కలరు. ఒక చిక్కునకు రెండు సమాధానములున్నప్పుడు, వానిలో నేదియు తిరుగులేనిదని పట్టుపట్టరాదు.

శతాధిపతి కథ మరియొకటి. రోగియైన తన దాసుని కొరకు అతడు తానే వచ్చి వేడుకొనెనని మత్తయి వ్రాసెను. యూదుల పెద్దలను పంపెనని లూకా వ్రాసెను. జమీందారుగారు కలెక్టరుగారికి మనవి చేసికొనిరని మన పూర్వులు చెప్పుకొనెడివారు. పోయి మాటలాడినవాడు వకీలు. అందుచేత ఆ మాట అబద్ధమగునా? ఆగస్టీను అను ఆచార్యుడు సుమారు 400వ సంవత్సరమున సువార్తల ఐకమత్యమును గూర్చి ప్రత్యేకముగా నొక గ్రంథమే వ్రాసి, ఇట్టి సంగతులను ఒక్కొక్కటిగా విచారించెను. ఒకడు చెప్పక విడిచినదానిని అతడు కాదన్నట్లు గ్రహింపరాదని అందలి విచారణవలన మనకు తేటపడును. ఇద్దరున్నచోట ఒక్కడు ఉండనే ఉండును గదా! సువార్తికులు కొన్నిచోట్ల కాలక్రమమును విడిచి విషయమునుబట్టి కథలను కూర్చిరనుట కూడ ప్రాచీన సమాధానమే. మార్కు విన్నది సరిగా వ్రాసెను గాని వరుసగా వ్రాయలేదని రెండవ శతాబ్దమున పపియ యను బిషపు చెప్పియుండెను.

సమాధానము చెప్పవలెనను ఆత్రము మితిమీరుటయు కలదు. 1537లో ఓసియాండరు అను జర్మను పండితుడు ఏ చిన్న భేదము కనబడినను అది వేరొక సంఘటన యనెను. ఆయన లెక్కలో యెరికో గ్రుడ్డివారు నలుగురైరి! 1555లో మూడు సువార్తలకు వ్యాఖ్య వ్రాసిన కాల్విను, బైబిలును గాఢముగా నమ్మినవాడే యయ్యును, ఈ యుక్తిని పరిహసించెను. గ్రంథమును కాపాడబోయి గ్రంథము చెప్పని కథలను అల్లుట భక్తి కాదని నా మనవి.

నిజము చెప్పవలెనన్నచో, నాకు నేటికిని పూర్తిగా విడిపోని ముడులు కలవు. యూదా ఉరి పోసికొనెనని మత్తయి చెప్పెను. అతడు తలక్రిందుగా పడి కడుపు పగిలి చనిపోయెనని అపొస్తలుల కార్యములలో లూకా చెప్పెను. త్రాడు తెగి పడెనని పలువురు సమాధానపరచుదురు. అది జరుగరానిది కాదు. కాని త్రాడు తెగిన మాటను మత్తయియు వ్రాయలేదు, లూకాయు వ్రాయలేదు. పొలమును కొన్నది యాజకులని ఒకరు, యూదా యని మరియొకరు చెప్పిరి. ద్రోహము చేసిన సంగతి, ఆ ధనముతో పొలము కొనబడిన సంగతి, ఘోరమైన చావు, రక్తభూమి యను పేరు — వీనియందు ఇరువురును ఏకీభవించిరి. అంతవరకు నేను గట్టిగా నిలిచెదను. మిగిలినదానిని విడిపోని ముడిగానే యుంచి, తెలియనిది తెలియదని ఒప్పుకొనెదను.

నా స్నేహితుడు ఇప్పుడు లేడు. వాని ప్రశ్నకు ఆనాడు ఎవరైన తోచినంత ఓపికగా బదులు చెప్పియుండినచో, వాడు నమ్మియుండునో లేదో నాకు తెలియదు. అరుగుమీదికి గెంటివేయబడితినను బాధ మాత్రము వానికి తప్పియుండును.

పెద్దలారా, మీ మతమేదైనను, మీ పిల్లలు గ్రంథము తెరచి "ఇచ్చట ఇట్లున్నది, అచ్చట అట్లున్నదేమి?" అని అడుగుదురు. కోపింపకుడు. ప్రక్కను కూర్చుండబెట్టుకొని ఆ రెండు చోట్లను వారితో గూడ చదువుడు. తెలిసినది చెప్పుడు, తెలియనిది తెలియదనుడు. విశాఖపట్టణమున దెగ్రాంజియు, ఆనందరాయరును తెనిగించిన ఆ మూడు సువార్తలు తమ భేదములతోనే మన చేతికి వచ్చినవి. వానిని మనమును ఆ భేదములతోనే మన పిల్లల చేతిలో పెట్టుదము.