పాల ప్రశ్న: శాకాహారపు హద్దులపై ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట శాకాహారి అంటే మాంసం, చేప, గుడ్డు ముట్టనివాడని అర్థం. పాలు, పెరుగు, నెయ్యి ఆ అర్థానికి అడ్డురావు. ఇంగ్లండులో వెజిటేరియన్ అనిపించుకున్నవారిలో చాలామంది పాలతోపాటు గుడ్డునూ స్వీకరించారు. జంతువు నుండి లభించే ఏ పదార్థాన్నీ తీసుకోని మూడవ నియమానికి 1944లో గాని 'వీగన్' అనే పేరు ఏర్పడలేదు. ఈ మూడు నిర్వచనాల మధ్య ప్రధానంగా నిలిచిన ప్రశ్న పాలకు సంబంధించినది. పాలు నీతిరీత్యా శాకాహారమేనా? అవి లేకుండా మనిషి ఆరోగ్యంగా జీవించగలడా? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పినవారు రెండవ ప్రశ్న వద్ద ఎట్లా చిక్కుకున్నారో, ఆ చిక్కు ఎట్లా విడివడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. నిర్వచనాల సంఘర్షణ:

బ్రిటన్‌లో వెజిటేరియన్ సొసైటీ 1847 సెప్టెంబరు 30న కెంట్ ప్రాంతంలోని రామ్స్‌గేట్‌లో ఏర్పడింది. మాంసాహార విసర్జనే దాని ప్రధాన నియమం. పాలు, గుడ్ల విషయాన్ని సభ్యుల ఇష్టానికే విడిచిపెట్టారు. అయితే పాడి పరిశ్రమకూ మాంస పరిశ్రమకూ ఉన్న సంబంధం త్వరలోనే చర్చకు వచ్చింది. ఆవు పాలివ్వాలంటే ఈనాలి. పుట్టిన మగదూడలు పాడికి పనికిరావు. వట్టిపోయిన ఆవు కబేళాకు చేరుతుంది. కనుక పాలు తాగేవాడు వధకు పూర్తిగా దూరంగా లేడన్నది వాదం. 1910లో రూపర్ట్ వెల్డన్ ప్రచురించిన 'నో యానిమల్ ఫుడ్' అనే చిన్న గ్రంథం ఈ వాదాన్ని వంటకాల వరకూ తీసుకువెళ్లింది.

3. గాంధీ వ్రతం – శరీరపు పరిమితి:

1888లో లండన్ చేరిన గాంధీ ఈ సంఘర్షణను స్వయంగా ఎదుర్కొన్నాడు. మాంసానికి అక్కడ మూడు నిర్వచనాలు వాడుకలో ఉన్నట్లు ఆయన ఆత్మకథలో నమోదు చేశాడు. మొదటిదాని ప్రకారం పశుపక్ష్యాదుల మాంసమే మాంసం. రెండవదాని ప్రకారం చేప కూడా మాంసమే. మూడవదాని ప్రకారం ప్రాణుల నుండి వచ్చే గుడ్లు, పాలు కూడా వర్జ్యాలే. తల్లికిచ్చిన మాటకు తల్లి ఎరిగిన అర్థమే ప్రమాణమని నిశ్చయించుకొని ఆయన గుడ్లు మానివేశాడు. పాలు మాత్రం మానలేదు.

1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫారంలో మిత్రుడు కాలెన్‌బాక్‌తో కలిసి పాలనూ విడిచిపెట్టాడు. బ్రహ్మచర్య దృష్టి ఇందుకు ఒక కారణం. పాలు పిండుకోవడానికి కలకత్తాలో ఆవులపై ప్రయోగించే 'ఫూకా' అనే క్రూర పద్ధతిని గురించి చదవడం మరొక కారణం. 1918లో ఖేడా ప్రాంతంలో తిరుగుతుండగా ఆయనకు తీవ్రమైన జిగట విరేచనాలు పట్టుకున్నాయి. పాలు లేనిదే దేహం కోలుకోదని వైద్యుడు చెప్పాడు. వ్రతం పట్టినప్పుడు మనసులో ఉన్నవి ఆవుపాలు, గేదెపాలే గదా, మేకపాలకు అభ్యంతరమేమిటని కస్తూర్బా సూచించింది. గాంధీ అంగీకరించాడు. వ్రతం అక్షరంలో నిలిచినా ఆత్మలో భంగమైందన్న వేదన ఆయనను విడవలేదు. 1942లో నిర్బంధంలో రాసిన ఆరోగ్య గ్రంథంలోనూ పాలు జంతుజన్యమే గనుక శుద్ధ శాకాహారంలో చేరవనే చెప్పాడు. అంటే నిర్వచనం విషయంలో ఆయనకు సందేహం లేదు. లోపించింది ఆచరణకు ఆధారమైన శాస్త్రజ్ఞానం.

4. 'వీగన్' పదావిర్భావం:

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లెస్టర్ నగరంలో వడ్రంగం బోధించే డొనాల్డ్ వాట్సన్ పాలు మానిన శాకాహారుల కొరకు ప్రత్యేక శాఖను కోరాడు. వెజిటేరియన్ సొసైటీ తన పత్రికలో అందుకు చోటివ్వలేదు. 1944 నవంబరులో కొద్దిమంది లండన్‌లో సమావేశమై వీగన్ సొసైటీని స్థాపించారు. 'వెజిటేరియన్' పదపు ఆద్యంతాక్షరాలను కలిపి 'వీగన్' అని పేరు పెట్టుకున్నారు. పేరు ఏర్పడింది గాని శరీరానికి సంబంధించిన ప్రశ్న అట్లాగే మిగిలింది.

5. ప్రయోగశాల ఇచ్చిన సమాధానం:

1926లో మైనాట్, మర్ఫీ అనే అమెరికన్ వైద్యులు ప్రాణాంతకమైన ఒక రక్తహీనతకు కాలేయం తినిపించి ఫలితం సాధించారు. కాలేయంలో ఉన్న ఆ ద్రవ్యం కోసం రెండు దశాబ్దాలు అన్వేషణ సాగింది. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్, ఈస్టుసారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించింది. ఆ గుణం ఫోలిక్ ఆమ్లానిదని తరువాత తేలింది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. అది రక్తాన్ని బాగుచేసింది గాని కాలేయ చికిత్సకు లొంగిన పాత వ్యాధిలో నరాల క్షీణతను ఆపలేకపోయింది. ఆ లోటు తీర్చే బి12 విటమిన్‌ను 1948లో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ వేరుచేశారు. సుబ్బారావు మరణించిన సంవత్సరమూ అదే.

తొలి తరం వీగన్ల అనారోగ్యాన్ని అర్థం చేసుకోవడానికి ఈ భేదం కీలకం. ఆకుకూరలు, పప్పులలో ఫోలిక్ ఆమ్లం సమృద్ధిగా ఉంటుంది. అందువల్ల బి12 లోపించినా రక్తహీనత పైకి కనబడకపోవచ్చు. ఆ లోగా నరాలు దెబ్బతింటాయి. నాలుక మంట, కాళ్లుచేతుల తిమ్మిరి వంటి లక్షణాలను 1950లలో బ్రిటిష్ వైద్యులు వీగన్లలో నమోదు చేశారు.

బి12ను మొక్కలుగాని జంతువులుగాని తయారుచేయలేవు. సూక్ష్మజీవులే తయారుచేస్తాయి. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు చేసినది పాలలోకి వస్తుంది. కనుక పాలు ఆ విటమిన్‌కు వాహకం మాత్రమే, మూలం కాదు. సూక్ష్మజీవులను పులియబెట్టి దానిని నేరుగా తయారుచేయడం సాధ్యమైన తరువాత పాలు అనివార్యమన్న వాదపు ప్రధానాధారం తొలగిపోయింది.

6. ముగింపు:

భారత ఆహార నియమాలలో పాలకు శాకాహారపు ఆకుపచ్చ గుర్తు ఉంది, గుడ్డుకు లేదు. గాంధీ తల్లి ఎరిగిన అర్థమే అది. 2022లో వీగన్ ఆహార పదార్థాలకు ప్రత్యేక నిబంధనలు, ప్రత్యేక చిహ్నం రావడంతో మూడవ నిర్వచనానికి కూడా ఈ దేశంలో చట్టబద్ధత లభించింది. అయితే ఈ చరిత్ర నేర్పే పాఠం ఒకటి ఉంది. నీతి ఎంత నిర్మలమైనదైనా శరీర ధర్మాన్ని విస్మరిస్తే వ్రతం మేకపాల వద్ద ఆగిపోతుంది. పాలు మానేవారు బి12ను మరొక మార్గంలో తప్పక సమకూర్చుకోవాలి. 1918లో గాంధీకి అందని ఆ వెసులుబాటు నేడు మందుల దుకాణంలో దొరుకుతున్నది.