ప్లగ్గు తీగయు, రేడియో గరగరయు

ఏలూరునుండి తాడేపల్లిగూడెము పోవు దారిలో, భీమడోలునకు ముందు, గుండుగొలను కలదు. మదరాసు–కలకత్తా రహదారి ఈ యూరి మీదుగా పోవును. దక్షిణమున కొల్లేటి పల్లము. ఊరి పేరులోనే కొలను. ఇట్టి తేమ సీమలో పెట్రోలు బండి తోలినవారికి ‘మిస్సింగు’ అను మాట వివరింప నక్కరలేదు. నాలుగు సిలిండర్లలో ఒకటి మండుట మానగా, బండి కుంటుచు, దగ్గుచు పోవుటకు మెకానిక్కులు వాడు పేరది. దీనికి కారణములు పెక్కు. వానిలో చవుకైనదియు, తఱచుగా చివరకుగాని అనుమానమునకు రానిదియు ప్లగ్గు తీగ. ఆ తీగకు మా రేడియో వృత్తితో చుట్టరికము కలదు. అందుచేతనే దాని కథ చెప్పబూనితిమి.

1831లో ఫారడే విద్యుత్ప్రేరణమును కనుగొనెను. 1860లో పారిస్ నగరమున లెన్వార్ తన గ్యాసు ఇంజనును విద్యుత్తు నిప్పురవ్వతో మండించెను. జర్మనీలో బాష్ సంస్థ ఇంజనీరు హోనోల్డు 1902లో అధిక వోల్టేజి మాగ్నెటోను సిద్ధపరచెను. అమెరికాలో కెటరింగు రూపొందించిన బాటరీ, కాయిలు పద్ధతి కాడిలాక్ కార్లలోనికి వచ్చెను. బాటరీలోని ఆఱో పండ్రెండో వోల్టులను కాయిలు వేలకొలది వోల్టులుగా పెంచును. డిస్ట్రిబ్యూటరు వంతు తప్పక పంచును. ఆ పంపకమును ప్లగ్గునకు చేర్చు పని తీగది.

పనివాడు తీగయే అయినను, పేరు ప్లగ్గునకు దక్కెను; నిందయు దానికే. పాతకాలపు తీగ రాగిపోగులపై రబ్బరు తొడుగు, దానిపై మెరుగునూనె పూసిన నూలు అల్లిక. ఇంజను వేడికి రబ్బరు పెళుసై కంటికానని బీటలు వాఱును. ఎండలో బండి బాగుగనే నడచును. వాన కురిసిన రాత్రియో, కొల్లేటి మంచు కమ్మిన తెల్లవాఱుజామునో తడి ఆ బీటలలో చేరును. విద్యుత్తు ప్లగ్గు వరకు పోక, దగ్గఱనున్న ఇనుముమీదికి దుమికి దారి తప్పును. పొద్దెక్కి తీగ ఆఱగనే జబ్బు మాయము! ఇట్టి దొంగ జబ్బును పట్టలేక ప్లగ్గులు మార్చి, కార్బురేటరు విప్పి, డబ్బు వదలించుకొన్న యజమానులు కొందఱు కారు. తెలిసిన మెకానిక్కు చేయునది వేఱు. చీకటిలో బానెట్టు ఎత్తి, ఇంజను నడిపి, చేయి తగిలింపక దూరమునుండి చూచును. తీగవెంట నీలిరవ్వ ప్రాకినచో దోషి దొరికినట్లే.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కఱవై, మన బస్సులకు వెనుక బొగ్గు కుంపట్లు కట్టిరి. ఆ బొగ్గు గ్యాసు పెట్రోలు ఆవిరివలె చురుకుగా మండదు. నిప్పురవ్వ కొంత ముందుగా పడవలెను. అసలే బలము తగ్గిన ఇంజనులో ఒక తీగ కారుట మొదలిడినచో, ప్రయాణికులు దిగి త్రోయవలసినదే.

ఇక చుట్టరికము మాట. 1887లో హెర్ట్జ్ రేడియో తరంగములను పుట్టించినది నిప్పురవ్వతోనే. కలకత్తాలో జగదీశచంద్ర బోసు, ఇటలీనుండి వచ్చిన మార్కొనీ నడచినదియు ఆ దారినే. కావున ప్రతి ప్లగ్గు తీగయు, అడుగకయే, ఒక చిన్న ప్రసార కేంద్రము. నిమిషమునకు మూడువేల చుట్లు తిరుగు నాలుగు సిలిండర్ల ఇంజను సెకండునకు నూఱు రవ్వలు రాల్చును. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమైన పిమ్మట మధ్యతరంగములపై కచేరీ వినుచున్న శ్రోతకు, వాకిట మోటారు పోవునపుడు వినిపించిన గరగర అదియే. గాయకుని గొంతులో దోషమేమియు లేదు!

ఈ గోల అన్ని దేశములదియు. రేడియో అంతరాయములపై అంతర్జాతీయ సంఘము 1934లోనే ఏర్పడెను. మందు తీగలోనే దొరికెను: రాగికి బదులు బొగ్గుపొడి పట్టించిన పోగులు. వాని నిరోధము అలజడిని అణచును, రవ్వను ఆపదు. అయితే ఈ క్రొత్త తీగ సుకుమారి. లాగినచో లోపలి పోగు తెగును, పైకి చెక్కు చెదరదు, మరల మిస్సింగు. రేడియోకు మేలు చేసిన తీగ మెకానిక్కునకు క్రొత్త చిక్కు తెచ్చెనని ఒప్పుకొనక తప్పదు. అందుకే ఇంజను చల్లారిన పిమ్మట తొడుగును పట్టి ఊడదీయవలెను. ఒక్కొక్క తీగనే, పాతదాని పొడవు చూచి, మార్చవలెను. అన్నియు ఒక్కసారి పీకినచో వరుస తప్పును. 2014 వరకు తయారైన అంబాసిడరు పెట్రోలు ఇంజనునకు ఆ వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు.

డీసెలు లారీలకును, డీసెలు పంపులకును ఈ బాధ లేదు. వానికి ప్లగ్గే లేదు. నేటి పెక్కు పెట్రోలు కార్లలో ప్లగ్గు నెత్తినే కాయిలు కూర్చుండుటచే పొడవైన తీగలు పోయినవి. మిస్సింగు మాత్రము పోలేదు. పైగా మండని పెట్రోలు పొగగొట్టములోని శుద్ధియంత్రమును కాల్చివేయును. అది తీగకంటె ఎన్నో రెట్లు ఖరీదైనది. మోటారు సైకిళ్లలో అనేకము ఇప్పటికిని ఒంటి తీగతోనే నడచుచున్నవి. తొలకరి చినుకులకు మొరాయించు బండిలో ముందు చూడవలసినదియు దానినే.