ఓడ దిగాక మార్కులెవరు వేస్తారు?

చదువుకునే కుర్రాళ్లను దేశాలు తిప్పడం పాత సంగతే. 18వ శతాబ్దంలో ఇంగ్లండు సంపన్నులు కొడుకులకు ఒక గురువును తోడిచ్చి ఫ్రాన్సు, ఇటలీలకు పంపేవారు. దీన్నే గ్రాండ్ టూర్ అన్నారు. ఆడం స్మిత్ 1764లో గ్లాస్గోలో ప్రొఫెసర్ పదవి వదులుకుని బక్లూ డ్యూక్ వెంట వెళ్లింది ఇలాంటి కొలువు మీదే. అందుకు జీవితాంతం ఏటా 300 పౌండ్లు ముట్టాయి. తమాషా ఏమిటంటే, ఈ యాత్రలు కుర్రాళ్లను పాడుచేస్తాయని తర్వాత ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’లో రాసిందీ ఆయనే.

ఈ షికారును డిగ్రీలో భాగం చేయడానికి అమెరికాలో దారి వేసింది డెలవేర్ విశ్వవిద్యాలయం. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసి వచ్చిన ఫ్రెంచి భాషాధ్యాపకుడు రేమండ్ కర్క్‌బ్రైడ్, మూడో ఏడాది చదువు ఫ్రాన్సులోనే సాగాలన్నాడు. విశ్వవిద్యాలయం పైసా ఇవ్వలేదు. అధ్యక్షుడు హల్లిహెన్ పియర్ డ్యూపాంట్ లాంటి దాతలను పట్టుకున్నాడు. 1923 జులైలో ఎనిమిది మంది న్యూయార్కులో ఓడెక్కారు. ముందు నాన్సీ నగరంలో భాషకు సానబెట్టి, ఆపైన పారిస్‌లో సొర్బాన్ విశ్వవిద్యాలయ పాఠాలకు పంపారు. బస ఫ్రెంచి కుటుంబాల ఇళ్లలో. ఆ ఏడాది చదువును ఇంటికొచ్చాక డిగ్రీలో కలిపారు. అసలు కిటుకు అదే.

ఇలాంటి ప్రయోగాలన్నీ సాఫీగా సాగలేదు. 1926లో సుమారు 500 మంది విద్యార్థులతో రిండామ్ అనే ఓడ ‘తేలే విశ్వవిద్యాలయం’గా ప్రపంచం చుట్టింది. దీనికి అండగా నిలిచిన న్యూయార్క్ విశ్వవిద్యాలయం బయల్దేరకముందే చేయి వెనక్కి తీసుకుంది. పత్రికలకేమో పాఠాలకన్నా విద్యార్థుల తాగుడే పెద్ద వార్త అయింది.

తర్వాతి మలుపు ఒక అవమానం వల్ల వచ్చింది. ఇటలీ అమ్మాయి సోఫియా కొరాడి ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనంతో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి 1958లో రోమ్‌కు తిరిగొస్తే, అక్కడి విశ్వవిద్యాలయం ఆ చదువును లెక్కలోకే తీసుకోలేదు. ఆమె ఊరుకోలేదు. విదేశంలో చదివిన చదువును లెక్కలోకి తీసుకోవాలని 1969 నుంచి ప్రతిపాదనలు పట్టుకుని తిరిగింది. చివరికి 1987లో ఐరోపా దేశాల మధ్య విద్యార్థులను ఇచ్చిపుచ్చుకునే ఎరాస్మస్ పథకం మొదలైంది. తొలి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది వెళ్లారు. రెండేళ్లకు ఐరోపా అంతటికీ ఒకే క్రెడిట్ల కొలత ప్రయోగంగా వచ్చింది. దాని ప్రకారం ఏడాది చదువంటే 60 క్రెడిట్లు.

మన దగ్గర విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి నడిపే ఉమ్మడి కోర్సులకు యూజీసీ 2022లో నిబంధనలు తెచ్చింది. హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా ఎవరైనా ‘స్టడీ టూర్’ అంటూ కరపత్రం చేతిలో పెడితే, అందులో ఈఫిల్ టవర్ బొమ్మ చూసి డబ్బు కట్టేయకండి. ఎన్ని క్రెడిట్లు కలుపుతారో మీ విశ్వవిద్యాలయం చేత ముందే కాగితం మీద రాయించుకోండి.