ఒలింపిక్ మెడల్ రాకపోతే ఫెయిలైనట్టేనా? సాత్విక్-చిరాగ్ జోడీ విషయంలో అభిమానులు చూడాల్సిన 5 లెక్కలివే

2024 ఆగస్టు 1. పారిస్ ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ పురుషుల డబుల్స్ క్వార్టర్ ఫైనల్. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, ముంబై ఆటగాడు చిరాగ్ శెట్టి తొలి గేమ్‌ను 21-13తో గెలిచారు. తర్వాతి రెండు గేమ్‌లు 14-21, 16-21తో చేజారాయి. మెడల్ మీద ఆశ పెట్టుకున్న కోనసీమకు అది పెద్ద నిరాశే. అయితే అదే ఏడాది ఈ జోడీ ఫ్రెంచ్ ఓపెన్, థాయ్‌లాండ్ ఓపెన్ టైటిళ్లు గెలిచింది. మరి ఆ ఏడాది సక్సెసా, ఫెయిల్యూరా? తేల్చాలంటే ఈ 5 విషయాలు చూడాలి.

1. ఒక్క మ్యాచ్ కాదు.. ఏడాది మొత్తం

ప్రపంచ ర్యాంకింగ్‌ను గత 52 వారాల ఆట చూసి ఇస్తారు. అందులో ఎక్కువ పాయింట్లు వచ్చిన 10 టోర్నీలను లెక్కలోకి తీసుకుంటారు. అంటే ఒక్క వారం బాగా ఆడితే టాప్‌కి వెళ్లిపోరు, ఒక్క వారం ఓడితే కిందకి పడిపోరు. 2023 అక్టోబర్ 10న సాత్విక్-చిరాగ్ వరల్డ్ నంబర్ వన్ అయ్యారు. డబుల్స్‌లో ఆ స్థానానికి చేరిన తొలి భారత జోడీ వీళ్లే.

అమెరికాలో బేస్‌బాల్ అభిమానులకు ఈ తేడా బాగా తెలుసు. 2001లో సియాటెల్ మెరైనర్స్ టీమ్ 162 మ్యాచ్‌ల సీజన్లో 116 గెలిచింది. అయినా ఆ తర్వాత నాకౌట్‌లో ఓడి, వరల్డ్ సిరీస్‌కు చేరలేకపోయింది. కప్పు రాలేదు కాబట్టి అది చెత్త టీమ్ అని ఎవరూ అనరు.

2. ఎక్కడ గెలిచారు? టోర్నీ స్థాయి ఏంటి?

అన్ని టైటిళ్లూ ఒకటి కాదు. విజేతకు సూపర్ 1000లో 12,000, సూపర్ 750లో 11,000, సూపర్ 500లో 9,200, సూపర్ 300లో 7,000 పాయింట్లు వస్తాయి. సూపర్ 1000లో రన్నరప్‌కి 10,200. అంటే సూపర్ 500 గెలిచినవాళ్ల కంటే ఎక్కువే.

2024 జనవరిలో సూపర్ 1000 టోర్నీ మలేసియా ఓపెన్‌లో ఈ జోడీ రన్నరప్. 'ఫైనల్లో ఓటమి' అనే హెడ్డింగ్ చూసి నిట్టూర్చే ముందు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

3. ఎవరి మీద గెలిచారు?

మలేసియా జోడీ ఆరన్ చియా-సో వూయ్ యిక్ మీద మనవాళ్లు మొదటి ఎనిమిది మ్యాచ్‌లూ ఓడారు. తొమ్మిదో సారి, 2023 జూన్‌లో ఇండోనేసియా ఓపెన్ ఫైనల్లో 21-17, 21-18తో గెలిచారు. అది భారత డబుల్స్‌కు తొలి సూపర్ 1000 టైటిల్. పారిస్ ఒలింపిక్స్‌లో ఓడింది కూడా వీళ్ల చేతిలోనే. 2025 వరల్డ్ ఛాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనల్లో మళ్లీ వీళ్లనే ఓడించి కాంస్యం ఖాయం చేసుకున్నారు. పాత లెక్క మారుతోందా లేదా అన్నదే అసలు ప్రోగ్రెస్.

4. గెలుపులే కాదు.. తేడా కూడా

టోక్యో ఒలింపిక్స్‌లో ఈ జోడీ గ్రూప్‌లో మూడు మ్యాచ్‌లు ఆడి రెండు గెలిచింది. అయినా క్వార్టర్స్‌కు వెళ్లలేదు. ఎందుకంటే ఆ గ్రూప్‌లో మూడు జోడీలకు తలా రెండు గెలుపులున్నాయి. గెలిచిన గేమ్‌లు, ఓడిన గేమ్‌ల మధ్య తేడాలో మనవాళ్లు వెనకబడ్డారు. ట్విస్ట్ ఏంటంటే, చివరికి గోల్డ్ కొట్టిన చైనీస్ తైపీ జోడీ లీ యాంగ్-వాంగ్ చి లిన్ ఆ టోర్నీలో ఓడిన ఒకే ఒక్క మ్యాచ్ మనవాళ్ల మీదే! పాయింట్ల పట్టిక చూస్తే ఫెయిల్, ఆట చూస్తే ఛాంపియన్లతో సమానం.

5. ఇద్దరూ ఫిట్‌గా ఉన్నారా?

డబుల్స్‌లో ఒకరికి గాయమైతే ఇద్దరూ ఆగిపోవాల్సిందే. పారిస్ తర్వాత సాత్విక్ భుజం గాయంతో కొన్ని టోర్నీలకు దూరమయ్యాడు. ఆడకపోతే పాయింట్లు రావు, ర్యాంక్ జారుతుంది. ర్యాంక్ తగ్గిందంటే ఆట తగ్గిందని కాదు. తిరిగొచ్చాక ఎన్ని సెమీస్‌కు వెళ్తున్నారన్నది చూడాలి.

వీటితో మోసపోవద్దు

2023 ఏప్రిల్‌లో సాత్విక్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు అందుకున్నాడు. షేర్ చేసుకోవడానికి సూపర్ వీడియోనే. కానీ అది జపాన్‌లో ప్రత్యేకంగా జరిపిన స్పీడ్ టెస్టులో కొట్టింది. మ్యాచ్ గెలిపించేది ఒక్క స్మాష్ కాదు. సర్వీస్, రిటర్న్, నెట్ దగ్గర ఆట, మూడో గేమ్‌లో ఓపిక.. ఇవన్నీ కలిస్తేనే గెలుపు.

పిల్లల విషయంలోనూ ఇదే కొలత

సాత్విక్ 2014లో హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో చేరాడు. తొలి సూపర్ 500 టైటిల్ థాయ్‌లాండ్ ఓపెన్ వచ్చింది 2019లో. మధ్యలో అయిదేళ్లు. 'ఇంకా కప్పు రాలేదేంటి' అని రెండేళ్లకే ఆపేసి ఉంటే 2023 ఆసియా క్రీడల గోల్డ్ ఉండేది కాదు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో రాకెట్ పట్టిన పిల్లాడు టోర్నీ ఓడి ఇంటికొస్తే 'గెలిచావా?' అని ఒక్కటే అడగొద్దు. ఎవరితో ఆడాడు, ఎన్ని పాయింట్ల దాకా లాగాడు, పోయినసారి కంటే ఏం మెరుగైంది అని కూడా అడగాలి.