దండ సర్పిల గేలక్సీ

దండ సర్పిల గేలక్సీ అనగా కేంద్రానికి ఇరుప్రక్కలా నక్షత్రాలు కడ్డీ ఆకారంలో అమరి ఉండే సర్పిలాకార గేలక్సీ. మన పాలపుంత కూడా ఈ కోవకు చెందినదే. ఎన్‌జీసీ 1300 మరొక ప్రసిద్ధ ఉదాహరణ.

గేలక్సీ చక్రంలో ఏర్పడిన స్వల్ప అసమానతను గురుత్వాకర్షణ పెంచుతుంది. నక్షత్రాల కక్ష్యలు సాగి, ఒకే దిశలో అమరుటచే దండం ఏర్పడుతుంది. పొరుగు గేలక్సీ ఆకర్షణ కూడా ఇందుకు కారణం కావచ్చును. దండం వాయువును కేంద్రం వైపునకు మళ్ళించగా, అచట కొత్త నక్షత్రాలు జన్మిస్తాయి. కాలక్రమేణా దండం తన కోణీయ ద్రవ్యవేగాన్ని కృష్ణ పదార్థానికి కోల్పోయి, నెమ్మదిస్తూ పొడవు పెరుగుతుంది.

2008లో రెండు వేలకు పైగా సర్పిల గేలక్సీలను పరిశీలించగా, 700 కోట్ల సంవత్సరాల క్రితం సుమారు 20 శాతం గేలక్సీలకే దండాలున్నట్లు, నేడు అవి సుమారు 65 శాతమని తేలింది. అందువలన దండాన్ని గేలక్సీ పరిపక్వతకు చిహ్నంగా భావించారు. అయితే 2023లో జేమ్స్ వెబ్ దూరదర్శిని చిత్రాలలో సుమారు 1,100 కోట్ల సంవత్సరాల నాటి దండాలు కూడా కనబడ్డాయి. కొన్ని గేలక్సీలు అనుకున్నదానికన్నా చాలా ముందే కుదురుకున్నాయని దీనివలన తెలుస్తున్నది.