చిత్తూరు సీమ యెల్లలు



మీ యూరి పొలిమేర యెచ్చటనున్నదని యడిగినచో, మీలో నే పెద్దయైనను లేచి వచ్చి, మూడూళ్ల పొలములు కలిసెడు చోట సర్వేవారు పాతిన రాతిని చూపగలడు. దాని కావలి గట్టు ఎవరిదో, ఈవలి చింతచెట్టు ఏ గ్రామపు లెక్కలో నున్నదో చెప్పగలడు. జిల్లా యెల్లను గూర్చి యడిగినచో నట్లు చూపుట కష్టము. అది కాగితముమీది గీత. ఐనను మన భూమి తగవు ఏ కచేరికి పోవలెనో, మన పిల్లవాని దరఖాస్తుపై నెవరు సంతకము చేయవలెనో, తుదకు మన యూరు ఏ రాష్ట్రమున నుండవలెనో నిర్ణయించునది ఆ గీతయే. అది మన సీమలో నెట్లు నడచినదో నేడు మనవి చేసెదను.

చోళుల నాటి తిరుమల శాసనములను చూచినచో, ఈ ప్రదేశము జయంకొండచోళమండలమున తిరువేంగడకోట్టమునకు చేరినదని కానవచ్చుచున్నది. మండలములో కోట్టము, కోట్టములో నాడు, నాడులో నూరు. ఇది యప్పటి క్రమము. విజయనగర ప్రభువుల కాలమున చంద్రగిరి యొక రాజ్యమునకు ముఖ్యస్థానమైనది. రాజ్యమనగా నప్పటి వాడుకలో సామ్రాజ్యమునందలి యొక భాగమని యర్థము.

కంపెనీవారి చేతికి మన సీమ యంతయు నొక్కమారు రాలేదు. 1800లో నిజాము దత్తమండలములను విడిచిపెట్టినప్పుడు మదనపల్లె, వాయల్పాడు ప్రాంతములు వచ్చి, కడప జిల్లాలో చేరినవి. చిత్తూరు, చంద్రగిరి వైపు భూములు మరుసటి యేట కర్ణాటక నవాబునుండి వచ్చి, ఉత్తరార్కాటు జిల్లా పాలైనవి. ఆ జిల్లా కలెక్టరు చిత్తూరుననే కచేరి చేయుచుండెను. 1911 ఏప్రిల్ 1వ తేదీన ఉత్తరార్కాటునుండి చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలను, పుంగనూరు, కాళహస్తి, కార్వేటినగరము జమీందారీలను, కడపనుండి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను తీసి, చిత్తూరు జిల్లాగా కూర్చిరి. ఉత్తరార్కాటు కచేరి వేలూరునకు తరలినది. ఈ కూర్పులో నరవమాట వినబడు పల్లెలును, కన్నడపు యాస సోకిన పల్లెలును, అచ్చ తెలుగు పల్లెలును ఒక్క కలెక్టరు క్రిందికి వచ్చినవి. అప్పటికి దాని నెవరును పెద్ద విషయముగా నెంచలేదు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడగానే, యా గీత రెండు రాష్ట్రముల నడుమ గోడయైనది. అటువైపు మ. పొ. శివజ్ఞానము గారు మొదలగువారు తమిళదేశమునకు ఉత్తరపు హద్దు వేంకటాచలమని తొల్కాప్పియపు పీఠికలో నున్నదనియు, కావున తిరుపతి తమకు రావలెననియు వాదించిరి. ఇటువైపు మనవారు మదరాసు పట్టణమే మనదని యంతకు ముందే కేకలు వేసియుండిరి. తుదకు వారికి తిరుపతి రాలేదు, మనకు మదరాసు రాలేదు. ప్రాచీన గ్రంథములో కవి చెప్పిన యెల్ల సంస్కృతికి గురుతు కావచ్చును గాని, కరణము లెక్కకు పనికిరాదని నా యభిప్రాయము.

మధ్యవర్తిగా వచ్చిన హరి వినాయక పటాస్కరు గారు గ్రంథములను ప్రక్కకు పెట్టి, గ్రామమును మొదటి పరిమాణముగా గైకొనిరి. ఏ గ్రామమున నే భాషవా రెక్కువ, ఆ గ్రామము తన భాషా రాష్ట్రముతో నెడము లేక కలిసియున్నదా లేదా యని చూచిరి. ఈ లెక్కకు ఆధారము జనపరిగణన పత్రములలోని మాతృభాష గడి. నగరి, పుత్తూరు, తిరుత్తణి ప్రాంతములలో నింట నొక మాట, సంతలో నొక మాట ఆడు కుటుంబము లెన్నియో కలవు. లెక్క వ్రాయువాడు అరుగుమీద కూర్చుండి అడిగినప్పుడు, ఇంటి యజమాని యనాలోచితముగా జెప్పిన యొక్క పదము, కొన్నేండ్లకు ఆ యూరు ఏ రాష్ట్రమునకు పోవలెనను తగవులో సాక్ష్యమైనది. చెప్పినవాని కా సంగతి తెలియునా?

1959లో పార్లమెంటు ఎల్లల మార్పు చట్టమును చేయగా, 1960 ఏప్రిల్ 1వ తేదీనుండి తిరుత్తణి తాలూకాయు, పుత్తూరు తాలూకాలోని పళ్లిపట్టు భాగమును మదరాసు రాష్ట్రపు చెంగల్పట్టు జిల్లాకు పోయినవి. అందుకు మారుగా చెంగల్పట్టులోని పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల గ్రామములు కొన్ని సత్యవేడు వైపు మనకు వచ్చినవి. జిల్లా పుట్టిన తేదీయు, అది తునిగిన తేదీయు ఏప్రిల్ ఒకటియే యగుట చిత్రము.

తిరుత్తణిని చూడుడు. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణ పండితు లచ్చట జన్మించినప్పుడు ఆ యూరు ఉత్తరార్కాటులోనిది. 1911లో చిత్తూరులోనిది. 1960లో చెంగల్పట్టులోనిది. 1997నుండి తిరువళ్లూరు జిల్లాలోనిది. కుమారస్వామి కొండ మాత్రము అంగుళమైనను కదలలేదు. బడిపిల్లలు ఆ మహనీయుడు ఏ జిల్లావాడని యడిగినప్పుడు, ఉపాధ్యాయుడు ముందుగా "ఏ సంవత్సరమున?" అని మరల ప్రశ్నింపవలసి యుండును.

జిల్లా లోపలి గీతలును నిలువలేదు. 1984లో కరణము, మునసబు ఉద్యోగములు రద్దైనవి. మరుసటి సంవత్సరమే తాలూకాలును ఫిర్కాలును పోయి, మండలములు వచ్చినవి. పాత పుస్తకములలో "చిత్తూరు మండలము" అని యున్నచో జిల్లా యని యర్థము. నేటి బాలుడు దానిని చదివి, చిత్తూరు చుట్టుపట్ల నున్న కొన్ని పల్లెలని భ్రమపడును. 2011 నాటికి మన జిల్లాలో 66 మండలము లుండెను. ఇన్ని మార్పులలో మారనిది రెవిన్యూ గ్రామ మొక్కటియే. జనాభా లెక్కలవారు పల్లెటూళ్లలో నేటికిని దానినే ఆధారముగా గొందురు. మజరా పల్లెలన్నియు మూలగ్రామపు పేర పోవును. ఇండ్లు లేక పొలము మాత్రమే యున్న బేచిరాకు గ్రామమును సైతము జాబితాలో వ్రాసి, జనము సున్న యని చూపుదురు. పంచాయతీ యెల్ల వేరొకటి. దానిని దీనితో కలుపరాదు.

ఎన్నికల గీత మరియొక దారి. 2008లో నియోజకవర్గములను పునర్విభజించినప్పుడు 2001 నాటి జనసంఖ్యను ఆధారముగా గొనిరి. 2022 ఏప్రిల్ 4వ తేదీన ప్రభుత్వమువారు లోకసభ నియోజకవర్గములను ఇంచుమించు ననుసరించి క్రొత్త జిల్లాలు చేయగా, చిత్తూరు మూడు ముక్కలైనది. తిరుపతి జిల్లాలో నెల్లూరునుండి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి వచ్చి చేరినవి. మదనపల్లె, 1911లో విడిచిన కడపవారి రాయచోటితో మరల నొక జిల్లాలో కలిసినది. "ఇంచుమించు" అన్న మాటలోనే చిక్కంతయు నున్నది. చంద్రగిరివారు వోటు చిత్తూరు లోకసభకు వేయుదురు, ఆ యేర్పాటున వారి కలెక్టరు తిరుపతిలో నుండెను. నగరి శాసనసభా నియోజకవర్గములో నగరి, నిండ్ర, విజయపురము మండలములు చిత్తూరు జిల్లాలో నిలువగా, పుత్తూరు, వడమాలపేట తిరుపతికి పోయినవి.

ఇందువలన నష్టమేమి? 2011 లెక్కలో చిత్తూరు జిల్లా జనసంఖ్య 41,74,064. ఈ సంఖ్యను పత్రికలలో చూచి, రేపటి చిత్తూరు సంఖ్యతో పోల్చి, జనము సగమునకు సగము తగ్గినదని వాపోవువారు తప్పక యుందురు. తగ్గినది నేలయే గాని జనము గాదు. అట్లే 1951 సంఖ్యను 1961 సంఖ్యతో పోల్చువారు నడుమ తిరుత్తణి పోయి సత్యవేడు వచ్చిన సంగతి మరువరాదు. నిజము తెలియవలెనన్నచో జిల్లా పేరును విడిచి, గ్రామము వెంబడి గ్రామమును కూడుకొని రావలెను. విత్తనములకును, వైద్యశాలలకును, బడులకును ధనము పంచువారు ఈ కూడిక చేయక, పేరును మాత్రము చూచినచో, ఒక యూరి పాలు మరియొక యూరికి పోవును.

2021లో జరుగవలసిన జనాభా లెక్క కరోనా వ్యాధి కారణమున ఆగి, 2027కు నిర్ణయింపబడినది. లెక్కకు ముందు గీతలను కొంతకాలము కదల్పకుండ నుంచుట రివాజు. లెక్కించువాడు మీ యూరికి వచ్చినప్పుడు మూలగ్రామపు పేరేమి, దానిక్రింద నే యే మజరాలు వ్రాసికొనెనో యడుగుడు. చెరువు కావల క్రొత్తగా వెలసిన పది యిండ్ల వాడ యేదైన నున్నచో, అది తన పత్రములో నున్నదో లేదో యచ్చటనే చూపించుకొనుడు.

ఇక సెలవు.