తమ్మీ, కాసిన్ని నీళ్ళు!

హోటల్లో కూర్చుని పెసరట్టు తినడంలో చరిత్ర ఏముంటుంది అంటారా? నేనూ అలాగే అనుకునేదాన్ని, మొన్న తొర్రూరులో మా మనవడు చిటికె వేసేదాకా.

హనుమకొండ నుంచి ఖమ్మంలో పెళ్ళికి వెళుతూ దారిలో టిఫినుకని ఆగాం. కూర్చున్నామో లేదో మావాడు చిటికె వేసి "ఏయ్, వాటర్!" అన్నాడు. వడ్డించే ఆయనకు యాభై దాటి ఉంటాయి. చేతి మీద నాలుగు ప్లేట్లు. వాటిని దించవలసిన చోట దించి, తీరిగ్గా మా బల్ల దగ్గరకొచ్చి, "నన్నేనా బాబూ పిలిచింది? కుక్కపిల్లను పిలిచిండ్రేమో అనుకున్న" అన్నాడు నవ్వుతూ.

మావాడి మొహం మాడిన పెసరట్టయింది. ఆయన అటు వెళ్ళాక, "మరి ఏమని పిలవాలి అమ్మమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదంటే నమ్మండి. మన వాళ్ళు హోటల్లో అన్నం పెట్టే మనిషిని ఏమని పిలుస్తూ వచ్చారా అని ఆలోచిస్తే చాలా దూరం వెళ్ళవలసి వచ్చింది.

మరీ దూరం కాదు లెండి, గంటన్నర ప్రయాణం. ఓరుగల్లు! కాకతీయుల నాటి ఆ నగరంలో ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా తిరిగిన ముచ్చటే 'క్రీడాభిరామం'. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉంది (కాదు, శ్రీనాథుడే రాశాడంటారు కొందరు పండితులు, ఆ తగువు మనకొద్దు). మంచనశర్మ, టిట్టిభసెట్టి ఊరు తిరిగి తిరిగి ఆకలేసి పూటకూళ్ళ ఇంటికి వెళతారు. లక్ష్మణవజ్ఝల అనే ఆయన ఇల్లు. ఒక్క రూకకు సన్నన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు! చదువుతుంటే నోరూరుతుంది. ఇంటాయన పేరుంది, ధర ఉంది, నంజుళ్ళ లెక్క కూడా ఉంది. ఆ పద్యంలో లేనిదల్లా పొయ్యి ముందు చెమటోడ్చి వండిందెవరో, వంగి వడ్డించిందెవరో అన్నదే. ఆడవాళ్ళం కదా, నా కళ్ళు ముందు అటే పోయాయి.

వందలేళ్ళ తరువాత గానీ ఆ మనిషి మనకు ఎదురుపడలేదు. గురజాడ వారి 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ! 1892లో మొదట ఆడిన నాటకం, 1897లో అచ్చయింది. ఆవిడ వండుతుంది, ఆవిడే వడ్డిస్తుంది, డబ్బూ ఆవిడే పుచ్చుకుంటుంది. అప్పు ఎగ్గొట్టి మోసం చేసిన గిరీశం కోసం చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికే వచ్చేస్తుంది. ఆ చీపురు దెబ్బ తగలవలసిన వాడికి తగలలేదనుకోండి, అది వేరే సంగతి. ఆవిడను "ఏయ్" అనే ధైర్యం ఎవరికుంది చెప్పండి? అన్నం పెట్టే చెయ్యీ, డబ్బు పుచ్చుకునే చెయ్యీ ఒకటే అయితే ఆ ధీమాయే వేరు.

బస్సులూ రైళ్ళూ వచ్చి హోటళ్ళు పెరిగాక ఆ రెండు చేతులూ విడిపోయాయి. గల్లాపెట్టె దగ్గర యజమాని, బల్లల మధ్య సర్వరు. యజమాని 'సేటు' అయ్యాడు, 'అయ్యరుగారు' అయ్యాడు. సర్వరు మాత్రం 'ఒరేయ్' అయ్యాడు, 'అబ్బీ' అయ్యాడు, అరవయ్యేళ్ళొచ్చినా 'బాయ్'గానే ఉండిపోయాడు.

ఈ తొర్రూరు చుట్టుపక్కల పిలుపనేది చిన్న సంగతి కాదు. పక్కనే పాలకుర్తి, చాకలి ఐలమ్మ ఊరు. తను పండించిన పంటను విసునూరు దొరకు దక్కనివ్వనని నిలబడిన మనిషి. దొర "ఏందిరా" అంటే పెద్దవయసు వాడు కూడా "బాంచన్ దొరా, కాల్మొక్త" అనవలసిన రోజులవి. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు కూలిపోయాక రగిలిన పోరాటం వెట్టిచాకిరీ మీదే కాదు, ఈ పిలుపు మీద కూడా. అలాంటి గడ్డ మీద చిటికె వేసి పిలిస్తే నవ్వుతూ చురక పెట్టి ఊరుకున్నాడంటే, ఆయన మంచివాడన్నమాట.

కూర్చునే వాళ్ళలోనూ తేడాలుండేవి. 'బ్రాహ్మణ కాఫీ హోటలు' అనే బోర్డులు నా చిన్నతనంలో నేనే చూశాను. పల్లెటూరి చాయ్ దుకాణాల్లోనైతే దళితులకు వేరే గ్లాసు. తాగి, వాళ్ళే కడిగిపెట్టి పోవాలి. 1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసి, హోటళ్ళలోకి అందరికీ ప్రవేశం ఇచ్చింది. 1955లో దానికోసం చట్టమే వచ్చింది. చట్టం వచ్చినంత తొందరగా గ్లాసులు కలవలేదు.

గ్లాసంటే గుర్తొచ్చింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెబుతాను.

1979లో మావారికి తొర్రూరు బదిలీ అయింది. కాపురానికి వెళ్ళిన మొదటి రోజు, సామాను ఇంకా విప్పలేదు, ఒక హోటల్లో టిఫినుకు కూర్చున్నాం. పదేళ్ళ కుర్రాడు రెండు చేతుల వేళ్ళూ ఆరు గ్లాసుల్లో ముంచి నీళ్ళు తెచ్చాడు. ఆ రోజుల్లో హోటలుకెళ్ళిన వాళ్ళందరికీ తెలిసిన దృశ్యమే. కొత్త పెళ్ళికూతుర్ని, శుభ్రం మోజు జాస్తి. "ఛీ, ఆ వేళ్ళేమిట్రా!" అన్నాను కాస్త గట్టిగానే. గల్లా మీదున్నాయన విన్నాడు. లేచి వచ్చి ఆ పిల్లవాడి చెంప మీద ఒక్కటిచ్చాడు. చేతిలో గ్లాసులన్నీ కింద పడ్డాయి. వాడు ఏడవలేదు. గోనెపట్టా తెచ్చి నేల తుడిచాడు, నా కాళ్ళ దగ్గర కూర్చుని. నేను "కొట్టకండి" అని కూడా అనలేదు. పూరీ చల్లారిపోతోందని తినేశాను.

పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని హోటళ్ళలో, చాయ్ దుకాణాల్లో పనికి పెట్టకూడదన్న నిషేధం 2006 అక్టోబరులో గానీ అమలుకు రాలేదు. ఆ వార్త చదివిన రోజున వాడే గుర్తొచ్చాడు.

ఇప్పుడంతా టిప్పు గొడవ. అమెరికాలో ఉన్న మా అమ్మాయి బిల్లులో ఐదో వంతు టిప్పు పెడుతుంటే నా గుండె గుభేలుమంది. తీరా చూస్తే అక్కడి కేంద్ర చట్టం ప్రకారం టిప్పులొచ్చే పనివాళ్ళకు యజమాని ఇవ్వవలసిన కనీస కూలి 1991 నుంచీ గంటకు 2 డాలర్ల 13 సెంట్లేనట! కొన్ని రాష్ట్రాల్లో ఎక్కువిస్తారు గానీ, మిగతా చోట్ల ఆ లోటు పూడ్చేది తినడానికొచ్చిన వాళ్ళే. మన దగ్గర పెద్ద హోటళ్ళు సర్వీసు చార్జీ అని బిల్లులోనే కలిపేస్తుంటే, అలా కలపకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అంది. హోటళ్ళవాళ్ళు కోర్టుకెక్కారు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా కూడదనే తేల్చింది. ఇష్టమైతే ఇవ్వండి, అదీ చేతికే ఇవ్వండి. ప్లేటు కింద నోటు దాచిపెట్టే అలవాటు మాత్రం నాకు నచ్చదు. ఏదో దొంగసొమ్ములాగా!

మావాడు తిన్నాక ఆయన దగ్గరకు వెళ్ళి ఇరవై రూపాయలు చేతిలో పెట్టి, "సారీ బాబాయ్" అన్నాడు. ఆయన పుచ్చుకుని, "చాయ్ దాగిపొండ్రి, మంచిగుంటది" అని తెచ్చి పెట్టాడు, గ్లాసు అడుగున పట్టుకుని.

నా కళ్ళు ఆయన వేళ్ళ మీదే ఉన్నాయి.

"ఈ పని ఎన్నేళ్ళ నుంచి?" అన్నాను.

"ఊహ తెలిసినకాంచి గిదే అమ్మా. ఈ ఊర్లనే."

అప్పుడు ఏ హోటల్లో చేశావని అడుగుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఇంతలో అవతలి బల్ల నుంచి ఎవరో "అన్నా!" అని పిలిచారు. ఆయన వెళ్ళిపోయాడు.